స్ఫటిక రహస్యవేత్త గోల్డ్‌ష్మిట్

విక్టర్ మోరిట్జ్ గోల్డ్‌ష్మిట్ 1888 జనవరి 27న స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి హైన్రిక్ రసాయన శాస్త్రవేత్త. 1901లో ఆయనకు నార్వే రాజధానిలో ఆచార్య పదవి లభించడంతో కుటుంబమంతా అక్కడికి తరలి వెళ్లింది. నాటి క్రిస్టియానియాయే నేటి ఓస్లో. గోల్డ్‌ష్మిట్ అక్కడే చదివి 1911లో డాక్టరేటు పొందాడు. 1914లో, ఇరవై ఆరేళ్ల ప్రాయంలోనే, ఆచార్యుడయ్యాడు.

ఖనిజాలను వర్ణించి పేర్లు పెట్టడంతో ఆయన తృప్తి చెందలేదు. పదార్థం ఒక ప్రత్యేక స్ఫటికరూపాన్నే ఎందుకు దాలుస్తుందో తెలుసుకోగోరాడు. సహచరులతో కలిసి ఎక్స్-కిరణాల సాయంతో అనేక సమ్మేళనాలను పరీక్షించి, 1926లో అయానుల వ్యాసార్థాల పట్టికను ప్రకటించాడు.

ఆయన పరిశీలించిన నిర్మాణాలలో పెరోవ్‌స్కైట్ ఒకటి. ఆ పేరు 1839లో రష్యాలోని యూరల్ పర్వతాలలో కనుగొన్న ఒక ఖనిజానిది. ఈ నిర్మాణంలో చిన్న ధన అయాను చుట్టూ ఆరు రుణ అయానులు చేరి అష్టముఖులు ఏర్పడతాయి. అవి కొనలు కలుపుకొని చట్రంగా నిలుస్తాయి. చట్రంలోని గూళ్లలో పెద్ద ధన అయానులు కుదురుకుంటాయి. గూటికి అయాను చాలకపోతే చట్రం మెలిదిరుగుతుంది. మరీ పెద్దదైతే చట్రమే నిలవదు. ఈ పొందికను గోల్డ్‌ష్మిట్ ఒక నిష్పత్తిగా చెప్పాడు. దానినే సహన గుణకం అంటారు. దాని విలువ ఇంచుమించు 0.8కీ 1కీ నడుమ ఉన్నప్పుడే సాధారణంగా పెరోవ్‌స్కైట్ ఏర్పడుతుంది. మూడు వ్యాసార్థాలు తెలిస్తే చాలు, కాగితం మీదనే తేల్చగల లెక్క ఇది.

1929లో ఆయన జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. హిట్లర్ అధికారంలోకి వచ్చాక యూదుల పట్ల ద్వేషం విద్యాలయాలకూ పాకింది. 1935లో ఆయన పదవిని వదలి ఓస్లో చేరాడు. కాని 1940లో నార్వే కూడా జర్మనీ వశమైంది. 1942 అక్టోబరులో ఆయనను నిర్బంధించి, అనారోగ్యం వల్ల విడిచిపెట్టి, నవంబరులో మళ్లీ పట్టుకున్నారు. అయిదు వందల మందికి పైగా యూదులను ఆష్‌విట్జ్ మరణశిబిరానికి తరలించే ఓడ రేవులో సిద్ధంగా ఉంది. ఓడ ఎక్కించబోయే వరుసలో నుంచి చివరి గడియలో ఆయనను తప్పించారు. ఆయన విజ్ఞానం దేశానికి అవసరమని సహచరులు చేసిన విన్నపమే ఆయనను కాపాడింది. వెళ్లిన వారిలో తిరిగి వచ్చినవారు అతి స్వల్పం. ఆయన రహస్యంగా స్వీడన్ చేరి, అక్కడి నుంచి బ్రిటన్ వెళ్లాడు. చెడిన ఆరోగ్యం మరి కోలుకోలేదు. 1946లో ఓస్లోకు తిరిగి వచ్చి, 1947 మార్చి 20న మరణించాడు. అసంపూర్తిగా మిగిలిన ఆయన గ్రంథం, జియోకెమిస్ట్రీ, 1954లో వెలువడింది.

2009లో జపాన్‌లో సుతోము మియాసాకా బృందం సీసం, అయొడిన్, మిథైల్ అమోనియం కలిసిన పెరోవ్‌స్కైట్‌తో సౌరఘటాన్ని నిర్మించింది. దాని సామర్థ్యం 3.8 శాతం, ప్రయోగశాలల్లో ఇప్పుడది 25 శాతాన్ని మించింది. రెండు లవణాల ద్రావణాన్ని గాజుపై పలుచగా పరచి, సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేస్తే నల్లని స్ఫటికపు పొర ఏర్పడుతుంది. మిథైల్ అమోనియం బదులు దానికంటే పెద్దదైన ఫార్మమిడీనియం అయానును వాడితే, నల్లని పొర గది ఉష్ణోగ్రత వద్ద క్రమంగా పసుపు రంగుకు మారి సౌరఘటానికి పనికిరాకుండా పోతుంది. అందులో చిన్నదైన సీజియం అయానును కొంత కలిపితే సహన గుణకం తగ్గి, నల్లని రూపం నిలుస్తుంది. ఎంత కలపాలో అంచనా వేసేందుకు పరిశోధకులు నేటికీ 1926 నాటి ఆ నిష్పత్తినే ముందుగా లెక్కిస్తారు.