చంద్రుని గతాన్ని గణించిన శాస్త్రజ్ఞుడు: సర్ జార్జి డార్విన్

పున్నమికీ అమావాస్యకూ సముద్రం పొంగుతుందని తీరవాసులకు తరతరాలుగా తెలుసు. అయితే ఆ పోటులోనే చంద్రుని పూర్వచరిత్ర ఇమిడి ఉన్నదని గ్రహించి, దానిని గణితబలంతో వెలికితీయ పూనుకొన్న వారు సర్ జార్జి హోవర్డ్ డార్విన్. ఖగోళ శాస్త్రజ్ఞులలో ఆయన సుప్రసిద్ధులు. పరిణామ సిద్ధాంతకర్త చార్లెస్ డార్విన్ పేరెరుగని విద్యార్థి ఉండడు గాని, ఆయన కుమారుని కృషి మనలో పలువురికి తెలియదు. అందుచేత ఆ మహనీయుని జీవితాన్ని ఇక్కడ సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

జార్జి 1845 జూలై 9వ తేదీన ఇంగ్లండులోని కెంట్ మండలంలో, డౌన్ అనే గ్రామంలో జన్మించారు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చదివి, 1868లో గణితశాస్త్ర పట్టపరీక్షలో ద్వితీయ స్థానాన్ని పొందారు. తరువాత న్యాయవాద వృత్తిని ఆశించి ఆ చదువు కూడ పూర్తిచేశారు. కాని అనారోగ్యం ఆయనను వెంటాడింది. వకీలు వృత్తిని విడిచి, 1873లో తిరిగి కేంబ్రిడ్జి చేరారు. న్యాయస్థానానికి కలిగిన ఆ నష్టమే విజ్ఞాన లోకానికి లాభమయింది.

ఆనాటి విద్వల్లోకంలో భూమి వయస్సును గూర్చి పెద్ద వివాదం నడుస్తూ ఉండెడిది. జీవజాతులు మెల్లమెల్లగా మార్పు చెందడానికి అపారమైన కాలం కావాలని చార్లెస్ డార్విన్ భావించారు. భూమి చల్లబడిన తీరును లెక్కించిన లార్డ్ కెల్విన్ మాత్రం పది కోట్ల సంవత్సరాలకు మించి ఒప్పుకొనలేదు. జార్జికి ఒకరు కన్నతండ్రి, మరొకరు గురుతుల్యులు, పరిశోధనలో ప్రోత్సాహకులు. ఇట్టి సంకట స్థితిలో ఆయన ఎవరి పక్షమూ వహింపక, లెక్క ఎటు నడిపితే అటు నడిచారు.

ఆయన ఎన్నుకొన్న మార్గం ఆటుపోట్ల ఘర్షణ. చంద్రుని ఆకర్షణవల్ల భూమిమీద ఉబ్బు ఏర్పడుతుంది. భూమి వేగంగా తిరుగుతున్నందున ఆ ఉబ్బు చంద్రునికంటె కొంచెం ముందుకు జరుగుతుంది. చంద్రుడు దానిని వెనుకకు లాగుతాడు. తిరిగే కుమ్మరి సారెపై చేయి ఆనించినట్లు, భూభ్రమణం క్రమంగా మందగిస్తుంది, పగలూ రాత్రీ కలిసిన దినం దీర్ఘమవుతుంది. అదే సమయంలో ఆ ఉబ్బు చంద్రుని ముందుకు లాగడంచేత చంద్రుడు మననుండి దూరంగా జరుగుతాడు. జార్జి ఈ లెక్కను వెనుకకు నడిపించారు. గతంలోనికి పోయిన కొలదీ చంద్రుడు దగ్గరకు వచ్చాడు, దినం కురచయింది. చిట్టచివరకు దినమూ మాసమూ ఒకటై, సుమారు అయిదున్నర గంటలకు చేరాయి. అప్పటి చంద్రుడు దాదాపు భూమిని ఆనుకొని ఉన్నట్లు తేలింది. దీనికి కనీసం అయిదు కోట్ల సంవత్సరాలకు పైగా పట్టి ఉండాలని ఆయన అంచనా.

1879లో ప్రకటించిన ఈ పరిశోధనతోపాటు ఆయన ఒక ఊహను కూడ ముందుంచారు. ద్రవరూపంలో ఉన్న భూమి అతివేగంగా తిరుగుతుండగా, సూర్యుని ఆకర్షణ దాని సహజమైన ఊపుతో ఏకమై, అదనుచూసి ఊపిన ఉయ్యాలవలె ఉబ్బును పెంచి పెంచి, చివరకు ఒక భాగాన్ని విడగొట్టి ఉండవచ్చునన్నారు. ఆ భాగమే చంద్రుడు. అయితే లెక్కకు అందినది ఎంతవరకో, ఊహ ఎక్కడ మొదలవుతుందో ఆయన దాచలేదు. ఇది రుజువుకు నిలువని ఊహ మాత్రమేనని తామే హెచ్చరించారు. 1882లో ఆస్మండ్ ఫిషర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు, చంద్రుడు ఊడివచ్చిన గుంటయే పసిఫిక్ మహాసముద్రమని చేర్చడంతో ఆ ఊహ లోకంలో బహుళ ప్రచారం పొందింది.

1883లో జార్జి కేంబ్రిడ్జిలో ఖగోళశాస్త్రపు ప్లూమియన్ ఆచార్య పీఠం అధిష్ఠించారు. ఇంగ్లండు, ఫ్రాన్సు, భారతదేశపు ఓడరేవులలో నమోదయిన ఆటుపోట్ల కొలతలను పరిశీలించి, భూగోళానికి మొత్తంమీద ఉక్కువంటి కాఠిన్యం కలదని అంచనా వేశారు. 1898లో ఆటుపోట్లపై సామాన్యులకు సుబోధకమైన గ్రంథాన్ని వెలువరించారు. రేడియోధార్మికత బయల్పడగానే, సూర్యుని వయస్సును గూర్చిన పాత లెక్కలు సవరింపవలసి వచ్చునని 1903లో వ్రాశారు. గురుభక్తి ఆయన విచారణకు అడ్డురాలేదు. 1905లో సర్ బిరుదమూ, 1911లో రాయల్ సొసైటీవారి కోప్లీ పతకమూ లభించాయి. 1912 డిసెంబరు 7న కేంబ్రిడ్జిలో దివంగతులయ్యారు.

ఆయన ఊహ నిలువలేదు. భూమి లోపలి ఘర్షణ ఆ ఊపును అంతగా పెరగనీయదని 1930లో హెరాల్డ్ జెఫ్రీస్ చూపారు. ఆ జెఫ్రీసే తరువాత జార్జి అధిష్ఠించిన పీఠాన్ని అలంకరించడం విశేషం. పసిఫిక్ అడుగుభాగపు శిలలు ఇరువది కోట్ల సంవత్సరాలకంటె పెద్దవి కావని కూడ తేలింది. అపోలో యాత్రికులు 1969 మొదలు 1972 వరకు తెచ్చిన 382 కిలోగ్రాముల చంద్రశిలలను పరీక్షించిన పిమ్మట మరొక సిద్ధాంతం బలపడింది. సుమారు 450 కోట్ల సంవత్సరాల క్రితం కుజగ్రహమంతటి గోళమొకటి బాలభూమిని ఢీకొనగా, ఎగిరిపడిన శకలాలు కూడి చంద్రుడయ్యాడని నేడు ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చంద్రునిలో ఇనుము స్వల్పంగా ఉండడం దీనితో పొసగుతుంది.

కాని జార్జి లెక్క మాత్రం పోలేదు. 1969లో చంద్రునిపై ఉంచిన అద్దాలకు లేజరు కిరణాలు పంపి కొలువగా, చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరమవుతున్నట్లు రుజువయింది. ప్రాచీన ప్రవాళాలలోని దినరేఖలను 1963లో జాన్ వెల్స్ లెక్కించగా, సుమారు 38 కోట్ల సంవత్సరాల క్రితం ఏడాదికి దాదాపు 400 దినాలని తేలింది. ఢీకొన్న తొలినాళ్లలో దినం అయిదు గంటల ప్రాంతమని నేటి గణనలూ చెబుతున్నాయి.

కాలం పెట్టిన పరీక్షలో జార్జి ఊహ ఓడింది, గణితం గెలిచింది. రెండింటినీ కలగలపక, దేనికి దానిని వేరుచేసి లోకానికి అందించిన నిజాయితీ వల్లనే ఒకటి పడిపోయినా రెండవది చెక్కుచెదరలేదు. ప్రయోగశాలలో అడుగుపెట్టే విద్యార్థికి ఆయన జీవితంనుండి ఇంతకు మించిన పాఠం లేదని మా విశ్వాసం.