నీళ్లు పోస్తే దొరికే నిధి

నేలలో నిలువుగా పాతిన గొట్టం. అడుగున చిన్న డబ్బా. చెయ్యి పెడితే అందదు, పుల్లతో గెలికినా రాదు. వెంట తెచ్చుకున్న సీసాలో నీళ్లు పోస్తే మాత్రం తనంతట తానే పైకి తేలుతుంది. అందులోని పుస్తకంలో పేరు రాసి, మళ్లీ ఉన్నచోటే పెట్టేయాలి. జీపీఎస్ పట్టుకుని, దాచిన డబ్బాలు వెతికే ఈ ఆట జియోక్యాచింగ్. 2000 మేలో అమెరికాలోని ఒరెగాన్‌లో మొదలై దేశదేశాలకు పాకింది. దాచేవాళ్ల ఎత్తుల్లో ఈ నీళ్ల గొట్టం ఒకటి. దాని వెనకున్న సూత్రానిది మాత్రం 2200 ఏళ్ల వయసు. చెప్పినాయన ఆర్కిమిడీస్.

క్రీ.పూ. 287 ప్రాంతంలో సిసిలీ దీవిలోని సిరక్యూజ్‌లో పుట్టారు. తండ్రి ఫిడియాస్ నక్షత్రాల లెక్కలు చూసేవాడు. కిరీటంలో కంసాలి వెండి కలిపాడేమో తేల్చమని రాజు హీరాన్ అడగడం, తొట్టిలో దిగగానే ఉపాయం తట్టి ఆయన ఒంటిమీద బట్ట లేకుండా వీధిలోకి పరుగు తీయడం బడిపిల్లలకూ తెలిసిన కథే. కానీ దాన్ని రాసిపెట్టింది విట్రూవియస్ అనే రోమన్, అదీ రెండొందల ఏళ్ల తర్వాత. ఆర్కిమిడీస్ రాతల్లో మనకు మిగిలినవాటిలో కిరీటం ఊసే లేదు.

ఉన్నది సూటి లెక్క. నీళ్లలో మునిగిన వస్తువు ఎంత నీటిని పక్కకు నెడితే, అంత నీటి బరువు మేరకు తేలికవుతుంది. బావిలో చేద నీళ్లలో ఉన్నంతసేపూ తేలిగ్గా వచ్చి, పైకి లేవగానే చేతులు లాగేయడం తోడినవాళ్లకు ఎరుకే. గొట్టంలో డబ్బా తేలేదీ ఇందుకే.

రోమన్లు ఊరిమీదికి వచ్చేసరికి ఆయనకు డెబ్బై దాటాయి. రాళ్లు విసిరే యంత్రాలు, ఓడల ముక్కు పట్టి ఎత్తి పడేసే కొక్కేలు కట్టించి శత్రువును నిలవరించారు. అద్దాలతో ఓడల్ని తగలబెట్టారన్నది మాత్రం తర్వాతివాళ్లు అల్లిన ముచ్చటే కావచ్చు. చివరికి క్రీ.పూ. 212లో ఊరు పడిపోయింది. ఆయన్ను ప్రాణాలతో పట్టుకోవాలని సేనాని మార్సెల్లస్‌కు ఉన్నా, ఒక సిపాయి కత్తికి బలయ్యారు.

సమాధి మీద గోళం, దాన్ని చుట్టిన స్తూపం చెక్కించమన్నది ఆయన కోరిక. గోళం ఘనపరిమాణం స్తూపంలో మూడింట రెండొంతులని తేల్చింది ఆయనే మరి. 137 ఏళ్లకే సొంత ఊరివాళ్లు ఆ సమాధిని మరిచిపోయారు. క్రీ.పూ. 75లో రోమన్ అధికారి సిసిరో వెతుక్కుంటూ వెళితే, అలాంటిదేమీ లేదనేశారు. ముళ్లపొదల పైన తొంగిచూస్తున్న ఆ గోళం, స్తూపం ఆయన కంటబడ్డాయి. కొడవళ్లతో పొదలు కొట్టించి చూశారు. ఆ తర్వాత అది మళ్లీ జాడ లేకుండా పోయింది. ఇప్పుడు సిరక్యూజ్‌లో ఆయన పేరు మీద చూపించేది రోమన్ల కాలపు వేరే సమాధి.

తేలే వస్తువుల మీద ఆయన రాసిన పుస్తకానికీ దాదాపు అదే గతి పట్టింది. పదో శతాబ్దంలో తోలు మీద రాసుకున్న ప్రతిని, 1229లో ఎవరో గీకేసి పైన ప్రార్థనలు రాసుకున్నారు. 1906లో హైబెర్గ్ అనే డెన్మార్క్ పండితుడు ఇస్తాంబుల్‌లో భూతద్దం పెట్టుకుని కింది అక్షరాలు కూడబలుక్కున్నారు. ఆ పుస్తకం గ్రీకు మూలం ఉన్నది ఆ ఒక్క ప్రతిలోనే. 1998లో అది న్యూయార్క్ వేలంలో 20 లక్షల డాలర్లు పలికింది. ప్రార్థనల కింద దాగిన మిగతా వాక్యాలు తర్వాత ఎక్స్‌రేలకు చిక్కాయి.