పెట్టె మోయలేక... జేబులో పట్టే కెమెరా!

తెల్లవారకముందే ఏలూరులో బయల్దేరి, కైకలూరు మీదుగా ఆటపాక వెళ్లారనుకోండి. గూడబాతులు లేచే వేళకి కొల్లేటి గట్టు మీద ఉండాలి. చేతిలో చిన్న కాంపాక్ట్ కెమెరా. కానీ వీపు మీద? ట్రైపాడ్, ఫిల్టర్ల డబ్బా, పవర్ బ్యాంకు, లైటు, ఎవరో కొనమన్నారని కొన్న ఇంకో రెండు వస్తువులు. రెండు కిలోమీటర్లు నడిచేసరికి ఫొటోల సంగతి పక్కకు పోయి, భుజం నొప్పే మిగులుతుంది. వీటిలో ఏది ఇంట్లో వదిలేసి రావాలి?

ఈ ప్రశ్న వందేళ్ల కిందటే ఒక జర్మన్ మెకానిక్‌ని బాగా వేధించింది. ఆయన పేరు ఓస్కార్ బార్నాక్. మీరు ఇవాళ వాడే చిన్న కెమెరాలన్నీ ఏదో ఒక రకంగా ఆయన వారసులే.

బార్నాక్ 1879 నవంబరు 1న బెర్లిన్‌కి దక్షిణాన లినో అనే పల్లెలో పుట్టాడు. ఇంజినీరింగ్ డిగ్రీ లేదు. మన ఐటీఐ, అప్రెంటిస్‌షిప్ లాంటి దారిలో వర్క్‌షాపులో చేరి పని నేర్చుకున్నాడు. 1902లో యేనా పట్టణంలోని జైస్ కంపెనీలో కుదిరాడు. సెలవు దొరికితే చాలు, తురింగియా అడవుల్లోకి ఫొటోలు తీయడానికి నడక. అప్పటి కెమెరా అంటే ఒక పెట్టె. 13×18 సెంటీమీటర్ల గాజు పలకలు, వాటి హోల్డర్లు, స్టాండు. ఒక్కో ఫొటోకి ఒక్కో పలక కావాలి. పైగా ఆయనకి ఉబ్బసం. కొండ ఎక్కుతుంటే ఊపిరి ఆడేది కాదు.

అలాంటివాళ్లు మామూలుగా ఆ సరదా మానేస్తారు. బార్నాక్ మానలేదు, బరువు తగ్గించే దారి వెతికాడు. ముందు ఒకే పలక మీద చాలా చిన్న బొమ్మలు తీసి చూశాడు. పెద్దవి చేస్తే అన్నీ రవ్వరవ్వగా, మసకగా వచ్చాయి. ప్రయోగం ఫెయిల్. అయితే ఒకటి తేలింది: సైజు తగ్గిస్తే నాణ్యత పోతుంది, పోయినదాన్ని ఇంకో చోట సంపాదించుకోవాలి.

ఆ చోటు వెట్స్‌లర్‌లో దొరికింది. జైస్‌లో పనిచేసిన స్నేహితుడు ఎమిల్ మెషావ్ అక్కడి లైట్జ్ కంపెనీకి మారి, బార్నాక్ పేరు చెప్పాడు. 1911లో ఉద్యోగం వచ్చింది. ఉద్యోగాలు నోటిఫికేషన్ల ద్వారానే రావు, మీ పని దగ్గరగా చూసినవాళ్ల నోటి మాటతో కూడా వస్తాయి! లైట్జ్ అప్పటికి మైక్రోస్కోపులకు పేరున్న కంపెనీ. అక్కడ బార్నాక్ చేతికి 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్ము వచ్చింది. సినిమా బొమ్మ 18×24 మిల్లీమీటర్లు. దాన్ని రెట్టింపు చేసి 24×36 అన్నాడు. ఇప్పుడు షాపువాడు ఫుల్ ఫ్రేమ్ అని ఎక్కువ ధర చెప్పే సెన్సార్ కొలత ఇదే.

1914కల్లా లోహంతో, కోటు జేబులో పట్టే నమూనా సిద్ధం. దానికి లైట్జ్ వారి లెన్సే ఒకటి బిగించాడు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం. తర్వాత జర్మనీలో ధరలు ఆకాశానికంటాయి. 1920లో వెట్స్‌లర్‌లో వరదలొస్తే బార్నాక్ ఆ చిన్న కెమెరాతోనే వీధుల్ని ఫొటోలు తీశాడు. 1924లో యజమాని ఎర్నెస్ట్ లైట్జ్, ఇది అమ్ముడుపోదన్న సందేహాల మధ్యే తయారీకి సరేనన్నాడు. మాక్స్ బెరెక్ అనే శాస్త్రవేత్త దానికోసం పదునైన లెన్సు గీశాడు. రవ్వరవ్వగా వచ్చిన బొమ్మకి జవాబు అదీ. 1925లో లైప్‌జిగ్ సంతలో లైకా బయటికొచ్చింది.

ఇక్కడ యాక్సెసరీల సంగతి చూడండి. ఆ మొదటి లైకాకి దూరం కొలిచే సదుపాయం లేదు. అందుకని చిన్న పుల్లలాంటి రేంజ్‌ఫైండర్‌ని పైనున్న గాడిలో దూర్చుకునేవారు. ఆ గాడి కెమెరాల నెత్తిన ఇప్పటికీ కనిపిస్తుంది. కెమెరాలో ఏది లేదో దానికే ఓ వస్తువు.

మీ బ్యాగుకీ ఇదే లెక్క పెట్టండి. కాంపాక్ట్‌లో సెన్సార్ చిన్నది కాబట్టి తెల్లవారుజాము వెలుగు చాలదు, కెమెరా కదలకూడదు. దానికి నాలుగడుగుల ట్రైపాడే అక్కర్లేదు. గుడ్డసంచిలో అరకిలో బియ్యం పోసి మూతి కట్టి, బైకు సీటు మీదో పడవ అంచు మీదో పెట్టి, కెమెరాని దాని మీద ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి. బురద గట్టు మీద బుల్లి ట్రైపాడ్ కన్నా ఇదే నయం. నీటి మీద మెరుపు తగ్గించాలంటే పోలరైజర్ మంచిదే. కానీ చాలా కాంపాక్ట్‌లకి ఫిల్టర్ బిగించే మరలే ఉండవు, కొనేముందు చూసుకోండి. అదనపు బ్యాటరీ ఒకటి తప్పనిసరి. మంచుకీ జల్లుకీ జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు, లెన్సు తుడవడానికి మెత్తటి గుడ్డ, చేతికి తాడు. ఫ్లాష్ వద్దు, పక్షులు బెదురుతాయి. బయల్దేరేముందు అన్నీ వంటింటి తూకం మీద పెట్టి చూడండి. పాపికొండల నడకకైనా ఇంతే.

తాడేపల్లిగూడెం నిట్‌లోనో ఏలూరు కాలేజీల్లోనో మెకానికల్ చదువుతున్నవాళ్లు ఇంకోటి గమనించండి. బార్నాక్ ఫలానా కోర్సు చేశానని చెప్పుకోలేదు. చేసి చూపించిన నమూనా ఆయన చేతిలో ఉంది. మీ రెజ్యూమెలో మీ సొంత ఇబ్బందికి మీరు చేసిన పరికరం ఒకటి ఉంటే, ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు, గంటసేపైనా చెప్పగలుగుతారు.

బార్నాక్ ఆ తర్వాత కూడా ఆ ఒక్క కెమెరానే మెరుగుపరుస్తూ పోయాడు. 1932 మోడల్‌లో రేంజ్‌ఫైండర్ కెమెరా లోపలికే వచ్చేసింది. 1936 జనవరి 16న, 56 ఏళ్లకే చనిపోయాడు. ఆయన సొంతానికి వాడుకున్న 105వ నంబరు కెమెరా 2022లో వెట్స్‌లర్‌లో జరిగిన వేలంలో 1.44 కోట్ల యూరోలకు, అంటే మన వంద కోట్ల రూపాయల పైమాటకే, అమ్ముడైంది. దాని వ్యూఫైండర్ మీద ఆయన పేరు చెక్కి ఉంటుంది.