బొటనవ్రేలి మర్మమెరిగిన యంత్రశిల్పి: గుంపే యొకోయి

యంత్రం మానవునికి సేవకుడు కావాలి గాని, మానవుడు యంత్రానికి దాసుడు కారాదు. ఈ సత్యాన్ని గ్రంథాలలో చదివినవారు అనేకులు. ఒక ఆటవస్తువులో ఆచరించి చూపినవారు అరుదు. అట్టివారిలో జపాను దేశీయుడైన గుంపే యొకోయి అగ్రగణ్యులు. ఒకప్పుడు బల్లమీది కంప్యూటరు ముందు కూర్చుండి మాత్రమే ఆడిన ఆటలను నేడు మన విద్యార్థులు చేతిలో ఇమిడే పరికరాలపై ఆడుకొంటున్నారు. ఆ పరికరాలపై ఎడమ బొటనవ్రేలికి అందే కూడిక గుర్తు వంటి మీట ఆయన మేధాఫలమే. కనుక వారి జీవితాన్ని సంగ్రహంగా పరిశీలించడం సముచితమని భావిస్తున్నాము.

యొకోయి 1941 సెప్టెంబరు 10న క్యోటో నగరంలో జన్మించారు. దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్సు అభ్యసించి, 1965లో నింటెండో సంస్థలో చేరారు. 1889లో స్థాపితమైన ఆ సంస్థ నాడు పేకముక్కల తయారీకి ప్రసిద్ధి. ఆ యంత్రాలు చెడిపోకుండా చూడటమే ఆయన ఉద్యోగం. తీరిక వేళ ఆయన, కత్తెరవలె చాచుకొని దూరపు వస్తువును పట్టి తెచ్చే ఒక బొమ్మ చేతిని వినోదార్థం తయారుచేశారు. అది అధ్యక్షులు హిరోషి యమౌచి కంటబడింది. మందలింపుకు బదులు, దానిని సరకుగా రూపొందించమన్న ఆజ్ఞ లభించింది. 1966లో వెలువడిన ఆ ‘అల్ట్రా హ్యాండ్’ పది లక్షలకు పైగా అమ్ముడై, మరమ్మతుల ఉద్యోగిని ఆవిష్కర్తగా మార్చింది.

ఒకసారి రైలులో ఒక ప్రయాణికుడు పొద్దుపోక కాలిక్యులేటరు మీటలు నొక్కుతుండగా చూచిన యొకోయికి జేబులో పట్టే ఆట తలపుకు వచ్చిందంటారు. 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ అవతరించింది. కొత్త వింతల వెంట పరుగెత్తక, అందరికీ తెలిసి చౌకబడిన సాంకేతికతను కొత్త ప్రయోజనానికి మళ్ళించడం ఆయన సిద్ధాంతం. కాలిక్యులేటరు తెరయే ఇక్కడ ఆటస్థలమైంది.

అయితే చిక్కు ఒకటి మిగిలింది. నిలువుగా లేచిన పుల్ల వంటి మీట జేబులో ఇమడదు. నాలుగు మీటలను విడివిడిగా అమర్చితే చూపు తెరను వదలి వ్రేలిని వెదకవలసి వస్తుంది. 1982లో ‘డాంకీ కాంగ్’ ఆటకై ఆయన నాలుగు దిక్కులను ఒకే పలకగా కలిపారు. ఒక వైపు నొక్కితే ఎదుటి వైపు లేస్తుంది. కన్ను చూడకుండానే వ్రేలు దిక్కును గుర్తిస్తుంది. 1983లో అదే మీట ‘ఫామికాం’ యంత్రానికీ అలంకారమైంది.

1989లో ‘గేమ్ బాయ్’ వెలువడింది. ప్రత్యర్థులు రంగుల తెరలతో వచ్చినా, ఆరేసి బ్యాటరీలు కొద్ది గంటలలోనే హరించేవారు. రంగు లేకపోయినా నాలుగు బ్యాటరీలతో దీర్ఘకాలం నడిచే గేమ్ బాయ్‌నే జనం వరించారు. తరువాతి రంగుల రూపంతో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

విధి వైపరీత్యమేమన్న, దేహసుఖం ఎరిగిన ఆ శిల్పి చేతనే దేహాన్ని బాధించే యంత్రం పుట్టింది. 1995 నాటి ‘వర్చువల్ బాయ్’ ఆడాలంటే బల్లపైకి వంగి, కళ్ళు అద్దాలకు ఆనించి ఎర్రని బొమ్మలు చూడాలి. మెడనొప్పి, తలనొప్పి అని జనం దానిని తిరస్కరించారు. ఏడాది తిరగకముందే దాని అధ్యాయం దాదాపు ముగిసింది. 1996లో యొకోయి ముప్పది యేండ్ల కొలువు వీడి, క్యోటోలోనే ‘కోటో’ సంస్థను నెలకొల్పారు. అడ్డంగానూ నిలువుగానూ పట్టుకొని, ఒకే బ్యాటరీతో ఆడగల ‘వండర్‌స్వాన్’ రూపకల్పనకు పూనుకొన్నారు. కాని 1997 అక్టోబరు 4న రహదారి ప్రమాదంలో 56వ యేట కన్నుమూశారు. 1999లో ఆ పరికరం విపణిలోకి వచ్చేనాటికి దానిని చూడటానికి ఆయన లేరు.

2022లో వచ్చిన ‘స్టీమ్ డెక్’ కంప్యూటరు ఆటలనే చేతికి అందించింది. అందులో యొకోయి మీటతోబాటు రెండు కర్రమీటలు, స్పర్శఫలకాలు, వెనుకవైపు బొత్తాలు ఉన్నాయి. ఏ పని దేనికి అప్పగించాలో ఆడేవారి ఇష్టం. గెంతులాటకు కూడిక మీట, మౌసుతో ఆడే వ్యూహపు ఆటకు స్పర్శఫలకం, తరచు నొక్కవలసిన వాటికి వెనుక బొత్తాలు అనుకూలం. మణికట్టు వంచక, మోచేతులకు ఆధారమిచ్చి ఆడాలి. నొప్పి తోచిన క్షణమే విరమించాలి.

యంత్రం ఎంత శక్తిమంతమైనా, పట్టిన చేతికి సుఖమివ్వనిది నిలువదు. యొకోయి విజయమూ, పరాజయమూ ఈ ఒక్క పాఠాన్నే బోధిస్తున్నాయి. రేపటి యంత్రాలను నిర్మించబోయే మన విద్యార్థులు ముందుగా మానవుని చేతిని అధ్యయనం చేయుదురు గాక!