రాయి కంటే ముందు ఏది అరుగుతుంది? సొరంగాల ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్రాంట్ కథ

2023 నవంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగం కూలి 41 మంది కార్మికులు లోపల చిక్కుకున్నప్పుడు, దేశమంతా ఒక యంత్రం మీద ఆశ పెట్టుకుంది. శిథిలాల్లోంచి ఇనుప గొట్టానికి దారి చేస్తూ వెళ్లే ఆగర్ యంత్రం అది. చివరి పది పన్నెండు మీటర్లు మిగిలి ఉండగా దాని బ్లేడ్లు ఇనుప కడ్డీల్లో ఇరుక్కుని విరిగిపోయాయి. మిగతా దూరాన్ని ర్యాట్ హోల్ మైనర్లు చేతి పనిముట్లతో తవ్వారు. 17వ రోజున అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

కొండలోకి యంత్రాన్ని పంపే ప్రతి ఇంజినీరుకూ ఎదురయ్యే ప్రశ్న ఇదే. రాయి ముందు అరుగుతుందా, యంత్రమా? దాదాపు 150 ఏళ్ల కిందట ఆల్ప్స్ పర్వతాల్లో ఒక జర్మన్ ఇంజినీరు ఈ ప్రశ్నకు అప్పటివరకు ఎవరూ చెప్పని జవాబు చెప్పారు. నీటి ఒత్తిడితో నడిచే డ్రిల్లింగ్ యంత్రాన్ని తయారుచేసి, తన కాలంలో ప్రపంచంలోనే పొడవైన సొరంగం పనికి నాయకత్వం వహించారు. ఆ సొరంగం పూర్తికాకముందే 53 ఏళ్లకు చనిపోయారు. ఆయన పేరు ఆల్ఫ్రెడ్ బ్రాంట్.

గొటార్డ్ నేర్పిన పాఠం

బ్రాంట్ 1846లో హాంబర్గ్‌లో పుట్టారు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో చదువుకున్నారు. ఈనాడు ఈటీహెచ్‌గా పేరున్న విద్యాసంస్థ అదే. 1870లలో ఆయన గొటార్డ్ రైల్వే నిర్మాణంలో ఇంజినీరుగా చేరారు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఆ ఉద్యోగమే.

ఉత్తర ఐరోపాను ఇటలీతో కలిపే గొటార్డ్ సొరంగం పొడవు 15 కిలోమీటర్లు. 1872లో పని మొదలైంది. కంప్రెస్డ్ గాలితో నడిచే డ్రిల్లులతో రాతికి రంధ్రాలు వేసి, వాటిలో డైనమైట్ కూరి పేల్చేవారు. ఆ డ్రిల్లు ఒక రకంగా యాంత్రిక సుత్తి. గాలి పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, పిస్టన్‌తో పాటు ఉలి వెళ్లి రాతిని కొడుతుంది. నిమిషానికి కొన్ని వందల దెబ్బలు.

దెబ్బ రాతికి ఎంత తగులుతుందో యంత్రానికీ అంతే తగులుతుంది. ఉలి మొన మొద్దుబారేది. పిస్టన్లు, వాల్వులు, బోల్టులు వదులయ్యేవి, పగిలేవి. అందుకే సొరంగం ముఖం దగ్గర కొన్ని యంత్రాలు పనిచేస్తుంటే, మరికొన్ని బయట వర్క్‌షాప్‌లో మరమ్మతుల కోసం పడి ఉండేవి. దీనికి తోడు ఇంకో నష్టం ఉంది. గాలిని ఒత్తినప్పుడు అది వేడెక్కుతుంది. గొట్టాల్లో ప్రయాణించేటప్పుడు ఆ వేడి పోతుంది, దానితో పాటు శక్తీ పోతుంది. బయట టర్బైన్లు పుట్టించిన శక్తిలో చిన్న భాగమే డ్రిల్లు మొనకు చేరేది.

యంత్రాల కంటే వేగంగా అరిగిపోయింది మనుషులు. పని చేస్తున్నవారిలో అత్యధికులు ఇటలీ పల్లెల నుంచి వచ్చిన పేదలు. లోపల 30 డిగ్రీలు దాటిన వేడి, పొగ, రాతి ధూళి, మోకాళ్ల లోతు మురికినీరు. కొంకి పురుగుల వల్ల వచ్చే తీవ్ర రక్తహీనత వందలాది కార్మికులను పట్టి పీడించింది. 1875లో వాళ్లు సమ్మె చేస్తే కాల్పుల్లో నలుగురు చనిపోయారు. కాంట్రాక్టరు లూయీ ఫావ్ర్ 1879లో సొరంగం లోపలే గుండె ఆగి మరణించారు. అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 200 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత ఊళ్లకు వెళ్లి జబ్బులతో చనిపోయినవాళ్లు ఈ లెక్కలో లేరు.

కొట్టడం కాదు, నొక్కడం

అప్పట్లో చాలామంది ఆలోచన ఒకే దారిలో సాగేది. ఉలి విరుగుతోందా, ఇంకా గట్టి ఉక్కు వాడాలి. యంత్రం చాలట్లేదా, ఇంకా బలంగా కొట్టాలి. బ్రాంట్ అసలు కొట్టడాన్నే వదిలేశారు.

ఆయన యంత్రంలో గాలికి బదులు నీరు. పంపులు నీటిని సుమారు 100 అట్మాస్ఫియర్ల ఒత్తిడికి తీసుకువెళ్తాయి. నీరు గాలిలా కుదించుకుపోదు కాబట్టి గొట్టం ఈ చివర ఇచ్చిన శక్తిలో ఎక్కువ భాగం ఆ చివరకు చేరుతుంది. ఆ ఒత్తిడితో బోలుగా ఉన్న ఉక్కు బిట్టును యంత్రం రాతికి అదిమి పట్టేది. బిట్టు వ్యాసం సుమారు ఏడెనిమిది సెంటీమీటర్లు, చివరన మూడు పళ్లు. వెనక నుంచి తోసే బరువు 10 టన్నుల దాకా. బిట్టు తిరిగేది మాత్రం చాలా నెమ్మదిగా, నిమిషానికి పది చుట్లకు మించకుండా.

అరుగుదల తగ్గించడంలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. గట్టి రాతి మీద ఉక్కును తేలిగ్గా ఆనించి వేగంగా తిప్పితే పన్ను రాతిలోకి దిగదు, పైపైన రాసుకుపోతుంది. రాయి కొద్దిగా పొడి అవుతుంది, ఉక్కు బాగా అరుగుతుంది, మొన వేడెక్కి పదును పోతుంది. అదే రాతి బలాన్ని మించేంత బరువుతో అదిమితే పన్ను కింద రాయి నలిగి పెళ్లలుగా ఊడుతుంది. అంతే రాయిని తీయడానికి ఉక్కు రాసుకునే దూరం చాలా తగ్గుతుంది. రాపిడి దూరం తగ్గితే అరుగుదలా తగ్గుతుంది.  బ్రాంట్ ఈ సంబంధాన్ని పనిలో పెట్టారు.

రెండో కిటుకు వాడేసిన నీటిది. మోటారును తిప్పిన నీటిని వృథాగా వదలకుండా బోలు బిట్టులోంచి రంధ్రంలోకే పంపారు. ఆ నీరు పళ్లను చల్లబరిచేది, ఊడిన రాతి పెళ్లలను బయటకు కొట్టుకుపోయేలా చేసేది. లేకపోతే ఆ పెళ్లలు పళ్ల కింద మళ్లీ మళ్లీ నలిగి, ఇసుక కాగితంలా ఉక్కును తినేస్తాయి. ఇదే నీరు ధూళిని కూడా గాలిలోకి లేవనివ్వలేదు. యంత్రం ఊపిరి కోసం చేసిన ఏర్పాటు మనిషి ఊపిరినీ కాపాడింది.

మూడోది యంత్రం నిలబడే తీరు. సొరంగం అడ్డంగా ఒక లావుపాటి గొట్టం ఉండేది. దాని లోపలి పిస్టన్‌ను నీటి ఒత్తిడితో చాచి, రెండు పక్కల గోడలకు బిగించేవారు. దాని మీద మూడు నాలుగు డ్రిల్లులు అమర్చేవారు. కొండ గోడల ఆసరాతోనే కొండను తొలవడం. అదురు లేదు, వదులు లేదు.

దీనితో అరుగుదల అంతమైందని కాదు. గట్టి నైస్ రాతిలో బిట్లు మొద్దుబారుతూనే ఉండేవి. వాటిని కమ్మరి కొలిమికి పంపి మళ్లీ పదును పెట్టించాల్సిందే. అంత ఒత్తిడిలో ఉన్న నీటిలో ఇసుక రేణువులుంటే వాల్వులను, సీళ్లను కోసేస్తాయి. నీరు నూనెలా జారుడు ఇవ్వదు, పైగా తుప్పు పట్టిస్తుంది. అయితే ఎప్పుడు ఏది విరుగుతుందో తెలియని పరిస్థితి పోయి, లెక్క వేసి సిద్ధంగా ఉండగల అరుగుదల మిగిలింది. నిర్మాణ పనిలో ఇది చిన్న తేడా కాదు.

ఆర్ల్‌బర్గ్ నుంచి కాకసస్ దాకా

స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్‌లో ఉన్న సుల్జర్ బ్రదర్స్ ఫ్యాక్టరీ ఈ యంత్రాలను తయారుచేసింది. గొటార్డ్ రైలు మార్గంలోనే ఫాఫెన్‌స్ప్రుంగ్ అనే సర్పిలాకార సొరంగంలో వాటిని వాడారు. పెద్ద పరీక్ష 1880లో ఆస్ట్రియాలో మొదలైన ఆర్ల్‌బర్గ్ సొరంగంలో వచ్చింది. 10 కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ సొరంగానికి తూర్పు వైపు గాలి డ్రిల్లులు, పడమర వైపు బ్రాంట్ డ్రిల్లులు పెట్టారు. రెండు వైపులా రాయి ఒకేలా లేదు కాబట్టి ఎవరు గెలిచారని తేల్చడం సులువు కాదు. 1883లో రెండు ముఖాలూ కలిశాయి. కొత్త యంత్రం సుదీర్ఘమైన పనికి తట్టుకుంటుందని రుజువైంది.

ఆ తరువాత ఇంజినీరు కార్ల్ బ్రాండౌతో కలిసి బ్రాంట్ కాంట్రాక్టరుగా మారారు. జర్మనీలోని తురింగియా కొండల్లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలో భాగమైన జార్జియాలోని సురామ్ కనుమలో ఆయన యంత్రాలు పనిచేశాయి.

సింప్లాన్: సొరంగాన్నే యంత్రంలా ఆలోచించారు

స్విట్జర్లాండ్‌లోని బ్రిగ్ నుంచి ఇటలీలోని ఇజెల్లె వరకు దాదాపు 20 కిలోమీటర్ల సొరంగం ఆలోచన అప్పటికే పాతది. నెత్తిన రెండు వేల మీటర్లకు పైగా కొండ. లోపల రాయి వేడి 40 డిగ్రీలు దాటుతుందని అంచనా. గొటార్డ్ అనుభవం తరువాత అంత వేడిలో మనుషులతో పని చేయించడం ఎలా అన్నదే ప్రశ్న.

బ్రాంట్, బ్రాండౌ, సుల్జర్, జ్యూరిక్‌కు చెందిన లోఖర్ సంస్థ కలిసి ఇచ్చిన జవాబు సాహసోపేతమైనది. ఒక పెద్ద సొరంగం వద్దు. 17 మీటర్ల ఎడంతో రెండు సమాంతర సొరంగాలు, ప్రతి 200 మీటర్లకు ఒక అడ్డదారి. ఒకదాన్ని ముందు పూర్తి చేయాలి, రెండోదాన్ని ప్రస్తుతానికి గాలి, నీరు, సామాను రాకపోకలకు వాడాలి. ఒక దాంట్లోంచి తాజా గాలి లోపలికి వెళ్తుంది, ఇంకో దాంట్లోంచి బయటకు వస్తుంది. చల్లటి నీటిని లోపల జల్లి రాతి వేడి తగ్గిస్తారు.

కార్మికుల విషయంలోనూ గొటార్డ్ పాఠం కనిపిస్తుంది. బయటకు రాగానే వేడినీటి స్నానాలు, తడి బట్టలు ఆరబెట్టే గదులు, పొడి బట్టలు మార్చుకునే చోటు ఏర్పాటు చేశారు. చెమటతో, నీటితో తడిసిన మనిషి ఆల్ప్స్ చలిలోకి నేరుగా నడిచి వస్తే న్యుమోనియా ఖాయమని గొటార్డ్‌లో అందరూ చూశారు. ఇందులో దయ ఎంత, లెక్క ఎంత అని విడదీయడం కష్టం. కార్మికుడు జబ్బుపడితే పని ఆగుతుంది. అదేమైనా ఈ ఏర్పాట్లు ప్రాణాలు కాపాడాయి.

1898 ఆగస్టులో పని మొదలైంది. కాంట్రాక్టు గడువు ఐదున్నరేళ్లు. బ్రిగ్ వైపు పనిని బ్రాంట్ స్వయంగా చూసుకున్నారు. పంపులు, టర్బైన్లు, డ్రిల్లులు, గాలి, కూలీలు, లెక్కలు అన్నీ ఒక్క మనిషి చుట్టూ తిరిగాయి. పదిహేను నెలలు గడిచేసరికి, 1899 నవంబర్ 29న బ్రాంట్ బ్రిగ్‌లో హఠాత్తుగా చనిపోయారు. అలుపెరగని పనే ఆయన్ను తీసుకెళ్లిందని తోటివారు నమ్మారు.

ఆయన చూడని కష్టాలు తరువాత వచ్చాయి. ఇటలీ వైపు ఒకచోట చుట్టూ ఉన్న మెత్తటి రాయి బలమైన దుంగలను సైతం నలిపేసింది. కేవలం 42 మీటర్లు దాటడానికి నెలలు పట్టింది. వేడి అంచనాలను దాటి 55 డిగ్రీలకు చేరింది. ఉత్తరం వైపు వేడినీటి ఊటలు ముంచెత్తి పని ఆపించాయి, మిగిలిన దూరాన్ని దక్షిణం నుంచే తవ్వాల్సి వచ్చింది. 1905 ఫిబ్రవరి 24న రెండు వైపులూ కలిశాయి. 1906లో రైళ్లు నడిచాయి. ప్రమాదాల్లో చనిపోయిన కార్మికులు 67 మంది. గొటార్డ్ కంటే పొడవైన, వేడి ఎక్కువైన సొరంగంలో ఈ సంఖ్య మూడో వంతు. ఆ 67 కుటుంబాలకు ఆ పోలిక ఓదార్పు కాదు. సింప్లాన్‌లోనూ సమ్మెలు జరిగాయి, తరువాత జబ్బులతో చనిపోయినవారు ఇక్కడా లెక్కకు అందలేదు.

మిగిలిందేమిటి?

బ్రాంట్ యంత్రం ఎక్కువ కాలం నిలవలేదు. అది బరువైనది, ఖరీదైనది. సింప్లాన్ తరువాత అదే స్విట్జర్లాండ్‌లో తవ్విన లోష్‌బర్గ్ సొరంగానికి మెరుగుపడ్డ గాలి డ్రిల్లులనే వాడారు. మళ్లీ 1970లలో గానీ హైడ్రాలిక్ డ్రిల్లులు గాలి డ్రిల్లుల స్థానాన్ని తీసుకోలేదు. ఈసారి శక్తినిచ్చింది నీరు కాదు, జారుడు కూడా ఇచ్చే నూనె. ఆయన ఆలోచనలు మాత్రం మన చుట్టూనే ఉన్నాయి. నేటి టన్నెల్ బోరింగ్ మెషీన్‌లో ఒక్కో ఉక్కు డిస్కును 20 టన్నులకు పైగా బరువుతో రాతికి అదిమి దొర్లిస్తారు. గట్టి రాతిలో పనిచేసే అలాంటి యంత్రాల్లో చాలావాటిని గోడలకు బిగించేది హైడ్రాలిక్ చేతులే. డ్రిల్లు రంధ్రంలోకి నీరు పంపడం ఇప్పుడు ఆరోగ్య నియమం. కోలార్ బంగారు గనుల్లో తెలుగు, తమిళ కుటుంబాల నుంచి వెళ్లిన కార్మికుల ఊపిరితిత్తుల్ని సిలికోసిస్ ఎలా తినేసిందో గుర్తున్నవారికి ఆ నీటి విలువ తెలుసు.

2025 ఫిబ్రవరిలో తెలంగాణలోని ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. నీరు, బురద ఆ భారీ బోరింగ్ యంత్రాన్ని సైతం నలిపేశాయి. ప్రమాదం తరువాత చర్చ ఎక్కువగా యంత్రం గురించీ, రాతి పొరల గురించీ జరిగింది. ఆ చర్చ అవసరమే. బ్రాంట్ జీవితం దానికి ఇంకో ప్రశ్న కలుపుతుంది. బిట్టు ఎంత అరిగిందో కొలిచి, సమయానికి మార్చడం ఆయన పరిశ్రమకు నేర్పారు. మనిషి ఎంత అరిగాడో కొలిచే పద్ధతిని సింప్లాన్ స్నానపు గదులతో కొంతవరకు మొదలుపెట్టారు. తన విషయంలో మాత్రం ఆ కొలత తీసుకోలేదు. మన సొరంగాల్లో యంత్రాల అరుగుదలకు రిజిస్టర్లు ఉంటాయి. లోపలికి వెళ్లే కార్మికుడికి కూడా అంత శ్రద్ధగా రాసిన రిజిస్టరు ఉందా అన్నది ప్రతి కొత్త సొరంగం ముందూ అడగాల్సిన ప్రశ్న.