వింగ్ చున్ గురువు ఇప్ మాన్

2008లో వెలువడిన 'ఇప్ మాన్' అనే హాంగ్‌కాంగ్ చలనచిత్రం ఒక కుంగ్ ఫూ గురువు పేరును దేశదేశాల మారుమ్రోగించినది. డానీ యెన్ నటించిన ఆ చిత్రంలో నాయకుడు జపాను సేనానిని ద్వంద్వయుద్ధంలో ఓడిస్తాడు. ఆ ఘట్టం కేవలం కల్పన. ఆ గురువు నిజజీవితంలో పోరాడినది దారిద్ర్యంతోను, వార్ధక్యంతోను.

ఇప్ మాన్ 1893లో దక్షిణ చైనాలోని ఫోషాన్ పట్టణాన సంపన్నుల యింట జన్మించినారు. బాల్యంలోనే చాన్ వా షున్ అనే వృద్ధాచార్యుని చెంత వింగ్ చున్ విద్య నారంభించినారు. ఆ గురువునకు ఈయనే కడపటి శిష్యుడు. పిదప హాంగ్‌కాంగ్ వెళ్లి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో చదివినారు.

వింగ్ చున్‌లో కండబలం కంటె నేర్పు ప్రధానం. ప్రత్యర్థికి చేరువగా నిలిచి, తన శరీర మధ్యరేఖను కాపాడుకొంటూ, ఎదుటివాని చేతి ఒత్తిడిని స్పర్శచేతనే గ్రహించి, స్వల్పమైన కదలికతో దెబ్బను త్రిప్పికొట్టడమే అందలి రహస్యం.

కలిగిన కుటుంబం కనుక విద్యను జీవనోపాధిగా చేసికొనవలసిన అగత్యం ఆయనకు చాలకాలం కలుగలేదు. 1938లో జపాను సేనలు ఫోషాన్‌ను ఆక్రమించిన పిమ్మట ఆ కలిమి కరిగిపోయినది. యుద్ధానంతరం పోలీసు ఉద్యోగం చేసినారు. 1949లో కమ్యూనిస్టులు అధికారానికి రాగా స్వస్థలం విడిచి హాంగ్‌కాంగ్ చేరినారు. ఫోషాన్‌లో ఉండిపోయిన భార్య 1960లో మరణించినది.

పూలమ్మినచోట కట్టెలమ్మవలసిన స్థితి వచ్చినా ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1950లో, ఏబదియారేండ్ల ప్రాయంలో, భోజనశాలల కార్మిక సంఘంలో పాఠం చెప్పనారంభించినారు. ఇతరులు విశ్రాంతి కోరుకొనే వయస్సున ఆయన ఉపాధ్యాయుడైనారు. పాఠశాల పెక్కుమార్లు తావు మారినది. శిష్యులు మేడల పైకప్పులమీద కూడ అభ్యాసం చేసినారు. శిష్యుని స్వభావం ఎరిగి అందుకు తగినట్లు బోధించడం ఆయన పద్ధతి. తరువాతి కాలంలో జగద్విఖ్యాతుడైన బ్రూస్ లీ యౌవనారంభంలో ఆయన వద్దనే విద్య నేర్చినాడు.

1972లో కంఠంలో పుట్టకురుపు ఆయనను క్రుంగదీసినది. అయినను తన విద్య చెదరక నిలవవలెనని, మరణానికి కొద్దిదినాల ముందు, కరవిన్యాసాలను, కొయ్యబొమ్మపై చేసే అభ్యాసాన్ని స్వయంగా ప్రదర్శించి చిత్రీకరింపజేసినారు. డిసెంబరు 2న కన్నుమూసినారు.

ధ్వని లేని ఆ చిన్న చిత్రంలో కథ లేదు, శత్రువు లేడు. బక్కచిక్కిన వృద్ధుడొకడు పాఠం చెప్పుచున్నాడు. వింగ్ చున్ నేర్చేవారు నేటికిని దానిని శ్రద్ధగా చూచి తమ తప్పులు దిద్దుకొంటున్నారు. గురువునకు ఇంతకంటె విజయమేమున్నది?