సహకార సేద్యం కోసం వాదించిన బాబాసాహెబ్

1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగిన అంబేద్కర్ మనందరికీ తెలుసు. అదే ఏడాది డిసెంబర్ 25న అక్కడే మనుస్మృతిని తగలబెట్టించిన అంబేద్కర్ కూడా తెలుసు. ఈ రెండింటి మధ్య, అక్టోబర్ 10న, బొంబాయి శాసన మండలిలో చిన్న కమతాల బిల్లు మీద మాట్లాడిన అంబేద్కర్ గురించి మన సభల్లో పెద్దగా వినపడదు. మేమూ ఆ ప్రసంగాన్ని ఆలస్యంగానే చదివాం.

పొలాలు తరతరాలుగా ముక్కలైపోతున్నాయి, ముక్క చెక్కల మీద సేద్యం గిట్టదు, కాబట్టి చిన్న ముక్కల్ని కలిపి పెద్ద కమతాలు చేద్దామన్నది ప్రభుత్వ వాదన. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కలిపినప్పుడు ఎవరి ముక్క ఎవరిలో కలుస్తుంది? అరెకరం ఉన్నవాడు అమ్ముకుని కూలికి పోతాడు, డబ్బున్నవాడు కొనుక్కుంటాడు. అంబేద్కర్ పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. బిల్లు చిన్న రైతుకు ఊరట అనే పేరుతో వచ్చి భూమిలేనివాళ్ల సంఖ్య పెంచుతుందని ఆయన హెచ్చరించారు. దానికి బదులు సహకార సేద్యం పెట్టమన్నారు. ఎవరి భూమి వాళ్లదే, సేద్యం మాత్రం అందరూ కలిసి చెయ్యాలి. ఇటలీలో, ఫ్రాన్స్‌లో జరుగుతున్నదాన్ని ఉదాహరణగా చూపించారు. ఇష్టమైతే చేరండి అని వదిలెయ్యకుండా, చిన్న కమతాల యజమానుల్ని ప్రభుత్వమే చేర్పించాలన్నారు.

ఈ విషయం ఆయనకు అప్పటికప్పుడు తట్టింది కాదు. 1891లో మౌలో సైనికుడి ఇంట పుట్టి, కొలంబియాలో, లండన్‌లో ఆర్థికశాస్త్రం చదివిన మనిషి. బరోడా కొలువులో తలదాచుకోను గది దొరక్క వెనక్కి వచ్చిన మరుసటి ఏడాదే, 1918లో, మన దేశంలోని చిన్న కమతాల మీద వ్యాసం అచ్చువేశారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది కొలతల్లో తేలదని, దాని మీద పెట్టే పెట్టుబడిని, పనిముట్లను బట్టి తేలుతుందని అందులో ఆయన వాదన. అసలు రోగం నేల మీద జనం ఎక్కువై చేతులు ఖాళీగా ఉండటం, దానికి మందు పరిశ్రమలు.

1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టినప్పుడు భూ తనఖా బ్యాంకులు, ఉత్పత్తిదారుల సహకార సంఘాలు, అమ్మకపు సంఘాలు దాని కార్యక్రమంలో చేరాయి. ఎన్నికల్లో గెలిచి సభలోకి వెళ్లాక, 1937 సెప్టెంబర్‌లో, కొంకణ్‌లో రైతుకూ సర్కారుకూ మధ్య కూర్చుని పిండుకుంటున్న ఖోతీ పద్ధతి రద్దుకు బిల్లు పెట్టారు. 1938 జనవరిలో వేలాదిమంది రైతులు బొంబాయి వీధుల్లో నడిచారు. కాంగ్రెస్ ప్రభుత్వం కదల్లేదు. ఖోతీ రద్దు చట్టం 1949లో గానీ రాలేదు.

మాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది 1947 మార్చి నాటి పత్రం. అఖిల భారత షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున రాజ్యాంగ సభకు ఇచ్చేందుకు ఆయన రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’. 1927 నాటి మాట ఇందులో మారిపోయింది. గట్లు అలాగే ఉంచి కలిసి దున్నుకోమనడం ఇక లేదు. భూమి మొత్తం రాజ్యానిది కావాలి. ఉన్నవాళ్లకు పరిహారం డిబెంచర్ల రూపంలో ఇవ్వాలి. భూమిని ఒక ప్రమాణంలో క్షేత్రాలుగా విడగొట్టి, ఊళ్లోని కుటుంబాలకు కులమత భేదం లేకుండా కౌలుకివ్వాలి. వాళ్లు ఉమ్మడిగా సేద్యం చెయ్యాలి. నీళ్లు, ఎద్దులు, పనిముట్లు, ఎరువు, విత్తనం ప్రభుత్వమే సమకూర్చాలి. భూస్వామి ఉండడు, అతని కింద కౌలుదారు ఉండడు, భూమిలేని కూలీ ఉండడు.

ఎందుకు మారారు? కారణం ఆయనే అక్కడ వివరించారు. కమతాల ఏకీకరణ గానీ, కౌలు చట్టాలు గానీ భూమి ఉన్నవాడికో, కౌలు ఉన్నవాడికో పనికొస్తాయి. ఆరు కోట్ల అంటరానివాళ్లకు కలపడానికి గట్టే లేదు. ఆస్తి ఉన్నవాళ్లు కూడి పెట్టుకున్న సంఘంలో ఆస్తి లేనివాడు సభ్యుడు కాలేడు. ఈ రోజు మన ఊరి సొసైటీలో పంట అప్పుకు పాస్‌బుక్ అడిగినప్పుడు ఈ ముక్క ఎవరికైనా అర్థమవుతుంది.

ఒక సందేహం మాకు చాలాకాలం ఉండేది. పల్లెను అంతగా అనుమానించిన మనిషి, 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలోనే గ్రామాన్ని సంకుచితత్వపు గూడుగా తీసిపారేసిన మనిషి, అదే పల్లెవాళ్లను ఒకే పొలంలో కలిసి పనిచెయ్యమని ఎలా అన్నారు? పత్రాన్ని మళ్లీ చదివితే తెలిసింది. భూమిని ఆయన ఊరి చేతిలో పెట్టలేదు, పంచాయతీ చేతిలో పెట్టలేదు. రాజ్యం చేతిలో పెట్టారు. అదీ మామూలు చట్టంగా కాదు, రేపు ఏ మెజారిటీ వచ్చినా మార్చలేకుండా రాజ్యాంగంలోనే రాయాలన్నారు. గడువు కూడా పెట్టారు, రాజ్యాంగం అమల్లోకి వచ్చాక పదేళ్లలోపు పూర్తి కావాలని. ఆ రాజ్యాన్ని నడిపే తహసీల్దారు, అధికారి ఏ కులం నుంచి వస్తారన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. ఉద్యోగాల్లో వాటా కోసం అదే పత్రంలో ఆయన అంత గట్టిగా ఎందుకు పట్టుబట్టారో దాంతో కలిపి చదవాలి.

ఆ ప్రణాళిక రాజ్యాంగంలోకి రాలేదు. ముసాయిదా కమిటీ అధ్యక్షుడు ఆయనే అయినా సభలో బలం ఆయనది కాదు. ఆదేశిక సూత్రాల్లో 43వ అధికరణం కింద, గ్రామీణ ప్రాంతాల్లో కుటీర పరిశ్రమల్ని వ్యక్తిగతంగా గానీ సహకార పద్ధతిలో గానీ ప్రోత్సహించాలన్న మాట మిగిలింది. భూమి ఊసు అందులో లేదు. 1951లో మంత్రి పదవి వదిలేశారు, 1956 డిసెంబర్ 6న కన్నుమూశారు.

మూడేళ్లు తిరక్కుండానే, 1959 జనవరిలో, కాంగ్రెస్ నాగపూర్‌లో ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేసింది. అందులో భూమి ఉన్నవాడి హక్కును ముట్టుకోలేదు, అయినా పెద్ద గగ్గోలు లేచింది. మన గుంటూరు జిల్లా నాయకుడు ఎన్.జి. రంగా, రాజాజీ కలిసి ఆ ఏడాదే స్వతంత్ర పార్టీ పెట్టారు. తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. బాబాసాహెబ్ పెట్టిన పదేళ్ల గడువు 1960 జనవరితో దాటిపోయింది. ఆయన సొంత మహారాష్ట్రలో సహకారం బాగా పెరిగింది, చక్కెర ఫ్యాక్టరీల రూపంలో. వాటాదారులు చెరకు పొలాలున్నవాళ్లు. ఆ చెరకు నరకడానికి ఏటా పిల్లాజెల్లాతో వలసపోయి, ఫ్యాక్టరీల చుట్టూ గుడిసెలు వేసుకుంటున్నవాళ్లలో మనవాళ్లు చాలామంది.